చేను ఎండను ఎంత పట్టుకుంటోందో మీటరు పైపుతో కొలుచుకోండి

యూరియా కోసం వచ్చిన రైతుని నేను ముందు ఒక మాట అడుగుతాను: మిట్టమధ్యాహ్నం మీ చేలో దుబ్బుల మధ్య నీళ్ల మీద ఎండ పడుతోందా? చాలామంది చూసి ఉండరు. "బావా, చేను పసుపెక్కిపోతంది, ఇంకో కట్ట ఇయ్యి" అని తొందరపడతారు. ఒడిశా కాశీనగర్‌లో ఎరువుల కొట్టు నాది. వంశధార పక్కన కొంచెం వరి కూడా పండిస్తాను. కట్ట అమ్ముడుపోతే నాకు లాభమే, అయినా ఆ ప్రశ్న అడక్కుండా ఇవ్వబుద్ధి కాదు. పంటను పండించేది ఎండ. ఎరువూ నీళ్లూ ఆ ఎండను పట్టుకునే ఆకును తయారుచేస్తాయి, అంతే.

ముందు లెక్క చూడండి. మబ్బులు వచ్చిపోయే ఖరీఫ్ రోజుల్లో చదరపు మీటరు నేల మీద రోజుకి సుమారు 16 మెగాజౌళ్ల ఎండ పడుతుంది. కరెంటు లెక్కలో చెప్పాలంటే దాదాపు నాలుగున్నర యూనిట్లు. అందులో ఆకు వాడుకోగల వెలుగు సగమే. చేను మొత్తం ఆకు కమ్మేసి ఉంటే వరి ఆ ఎండతో చదరపు మీటరుకి రోజుకి 16 గ్రాముల ఎండు పదార్థం (తడి పోను మిగిలే బరువు) కడుతుంది, అంటే ఎకరాకి 65 కిలోలు. వేరు, మొదలు, ఆకు పోను గింజలోకి చేరేది ఇంకా తక్కువ. ఎకరాకి 80 కిలోల బస్తాలు 25 పండినా, పొలం మీద పంటకాలమంతా పడ్డ ఎండలో వెయ్యికి మూడు నాలుగు పాళ్లే వడ్లలోకి చేరినట్టు. అంత తక్కువలో ఇంకా పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

పైరు ఎంత వెలుగు పట్టుకుంటే ఎండు పదార్థం దాదాపు అంతకు తగ్గట్టే పెరుగుతుందని జాన్ మాంటీత్ అనే శాస్త్రవేత్త 1977లో ఇంగ్లండ్ పంటల మీద చూపించాడు. అందుకే పట్టుకున్న వెలుగు కొలిస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

కొలవడానికి మీటరు పొడవు తెల్ల పీవీసీ పైపు ముక్క చాలు. మార్కర్‌తో రెండు సెంటీమీటర్లకొక గీత పెట్టండి, యాభై గీతలు వస్తాయి. నీడలు అంచు తేరి కనిపించే రోజున, పదకొండున్నర నుంచి పన్నెండున్నర లోపల చేలో దిగండి. మబ్బు పట్టినప్పుడు కొలిస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. గట్టు పక్క కొలవద్దు, అక్కడి దుబ్బులకి పక్క వెలుగు తగిలి ఎప్పుడూ బాగానే ఉంటాయి. లోపలికి వెళ్లి పైపును నీళ్లకి కాస్త పైన, వరసలకి ఏటవాలుగా పట్టుకోండి. వరస వెంబడి పడితే లెక్క తప్పుతుంది. ఎండ తగిలిన గీతలు లెక్కపెట్టి రెండుతో గుణించండి. సగం వెలుగు, సగం నీడ ఉన్న గీతని అర అనుకోండి. అయిదు చోట్ల చూసి సరాసరి తీస్తే, నూటికి అంత వెలుగు వృథాగా నీళ్లలో పడుతోందన్నమాట.

పిలకలు వేసే రోజుల్లో ఆ అంకె పెద్దగా ఉన్నా కంగారు అక్కర్లేదు. అప్పుడు మబ్బు పట్టినా దిగుబడికి పెద్ద దెబ్బ కాదు. చిరుపొట్ట (పిలక లోపల వెన్ను మొదలయ్యే దశ) నుంచి గింజ పాలు పోసుకునేదాకానే వెలుగు లోటు వరిని గట్టిగా దెబ్బతీస్తుంది. చిరుపొట్ట నాటికి ఎండ తగిలే గీతలు అయిదు దాటకూడదు, అంటే పదో వంతు లోపు. అప్పటికీ పదిహేను గీతలు మెరుస్తుంటే నూటికి 30 పాళ్లు పోతున్నట్టు. అలా ఇరవై రోజులు సాగితే ఎకరాకి ఇంచుమించు రెండు బస్తాలు తగ్గుతాయని పై లెక్కే చెబుతుంది.

ఆ ఖాళీకి కారణం చాలాసార్లు ఉభాల (నాట్ల) నాడే మొదలవుతుంది. 20 బై 15 సెంటీమీటర్ల దూరంలో వేస్తే చదరపు మీటరుకి 33 దుబ్బులు రావాలి. గుత్తకిచ్చిన ఉభాలు ఎడంగా పడతాయి. కూలీలను తప్పుపట్టలేం, ఎకరానికింత అని మాట్లాడుకున్నప్పుడు చేతులు అలాగే పరిగెడతాయి. నాలుగు కర్రలతో మీటరు చట్రం కట్టి, వారం లోపల దుబ్బులు లెక్కపెట్టి, చచ్చిన చోట మిగులు నారుతో పూడ్చండి. నెల దాటిన ముదురు నారు వేస్తే పిలకలు తగ్గి చేను ఆలస్యంగా కమ్ముతుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఒక్క గీతకీ ఎండ తగలడం లేదు, ఆకులు బాగా ఏపుగా వంగి ఉన్నాయంటే యూరియా ఎక్కువైందని అర్థం. నిటారు ఆకులున్న వరికి నేల వైశాల్యానికి అయిదు రెట్లు ఆకు వైశాల్యం ఉంటే చాలు. అది దాటితే కింది ఆకు వెలుగు లేక పండిపోతుంది, దుబ్బు మొదళ్లలో చెమ్మ చేరి పాముపొడ తెగులు, సుడిదోమ పురుగు వస్తాయి. అప్పుడు నేను యూరియా కట్ట ఇవ్వను, చేనుని చూసి రమ్మంటాను.

గట్టు మీది చెట్లు చూసుకోండి, ముఖ్యంగా దక్షిణపు గట్టువి. జూన్‌లో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి నీడ తెలియదు. అక్టోబరు మధ్యకొచ్చేసరికి పది మీటర్ల టేకు చెట్టు నీడ మధ్యాహ్నం పూట కూడా అయిదు మీటర్లు చేలోకి వస్తుంది. డిసెంబరులో తొమ్మిది మీటర్లు. సెప్టెంబరులోనే కొమ్మలు కొట్టించండి, అప్పటికి స్వర్ణ రకం వరి పొట్ట మీద ఉంటుంది. ఈనిన తరవాత పోటాకుతో (వెన్ను కింద చివరగా వచ్చే ఆకు) కలిపి పై మూడు ఆకులే గింజను ఎక్కువగా నింపుతాయి. వాటిని ఆకుముడత పురుగుకి వదలకండి.

నీళ్లు నిలవని మెట్టలకి మొక్కజొన్న మంచిది. అదే ఎండతో వరికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు ఎండు పదార్థం కడుతుంది. పల్లంలో వేస్తే మాత్రం వేరు కుళ్లుతుంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం కోత తరవాత. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మబ్బు లేని ఎండ, నేలలో ఇంకా పదును, పైన మాత్రం ఎండిన కొయ్యకాలు. కోతకి రెండు మూడు రోజుల ముందు, నిలబడ్డ వరిలోనే ఎకరాకి 16 కిలోల మినుములు చల్లండి. మినుము ఆకు అడ్డంగా పరుచుకుంటుంది కాబట్టి నేలకి మూడు రెట్లు ఆకున్నా చాలు, ఎండ దాదాపు అంతా పట్టేస్తుంది. కోసేవాళ్లకి ముందే చెప్పి, తడి ఎక్కువున్న చోట నీళ్లు తీసేయించండి. కోతలవగానే పశువులని వదిలేసే ఊళ్లలో ఒక్కరే చల్లితే మొలక దక్కదు. దసరా వెళ్లగానే పక్క పొలాలవాళ్లతో కూర్చుని, ఫిబ్రవరి దాకా పశువులని కట్టేసుకునేలా ఒప్పందం చేసుకోండి. ఆ తరవాతే విత్తనాలకి నా కొట్టుకి రండి.