వక్రానికి స్పర్శరేఖ సమీకరణం కనుక్కోవడం: సిరోంచ విద్యార్థులకు

ఇంట్లో తెలుగు, పదో తరగతి దాకా బడిలో మరాఠీ, ఆ పైన సైన్సు పుస్తకాలు ఇంగ్లీషులో చదివే మహారాష్ట్రలోని సిరోంచ పిల్లలకు ఒకే గీత మూడు పేర్లతో ఎదురవుతుంది. పదిలో అది స్పర్శిక, పదకొండులో టాంజెంట్, ప్రాణహిత నది అవతల తెలంగాణలో చదివే చుట్టాల పుస్తకంలో స్పర్శరేఖ. పేర్లతో చిక్కేమీ లేదు. చిక్కంతా పదో తరగతి నిర్వచనంతోనే వస్తుంది. వృత్తాన్ని ఒకే ఒక్క బిందువు వద్ద తాకేది స్పర్శిక అని అక్కడ నేర్చుకుంటాము. అది వృత్తానికి సరిపోతుంది గాని అన్ని వక్రాలకూ సరిపోదు.

జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పేవారిని గమనించండి. రాయి గుండ్రంగా తిరుగుతున్నా, వదిలిన క్షణాన అది ఏ దిక్కుగా కదులుతోందో ఆ దిక్కుగానే దూసుకుపోతుంది. ఒక బిందువు వద్ద వక్రానికి ఉన్న ఆ దిశను చూపే సరళరేఖే స్పర్శరేఖ. దాని సమీకరణం రాయడానికి కావలసినవి రెండే: అది తాకే బిందువు, అక్కడి వాలు. ఆ వాలును ఇచ్చేది అవకలనం (డిఫరెన్సియేషన్). 1684లో జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ ప్రచురించిన తొలి కలనగణిత (కాలిక్యులస్) వ్యాసం శీర్షికలోనే స్పర్శరేఖల ప్రస్తావన ఉంది. కలనగణితం పుట్టుకకు ఈ ప్రశ్న అంత దగ్గరిది.

వై = ఎక్స్³ − 2ఎక్స్ + 1 అనే వక్రానికి ఎక్స్ = 2 వద్ద స్పర్శరేఖ కావాలనుకుందాము. ముందుగా 2ను అసలు సమీకరణంలో ప్రతిక్షేపిస్తే వై = 8 − 4 + 1 = 5 వస్తుంది కనుక బిందువు (2, 5). తరువాత అవకలనం చేస్తే డివై బై డిఎక్స్ = 3ఎక్స్² − 2. చాలామంది ఇక్కడే ఆగి, ఈ 3ఎక్స్² − 2నే వాలుగా రేఖా సమీకరణంలో పెట్టేస్తారు. అప్పుడు వచ్చేది సరళరేఖే కాదు. అవకలనం చేస్తే వచ్చే ఈ అవకలజం వక్రమంతటికీ వర్తించే సూత్రం గనుక, మనకు కావలసిన బిందువు వద్ద దాని విలువ కట్టాలి: 3 × 4 − 2 = 10. ఇక వై − 5 = 10(ఎక్స్ − 2) అని రాసి సవరిస్తే వై = 10ఎక్స్ − 15 వస్తుంది.

ఈ 10 ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారైనా చేత్తో చూసుకోవడం మంచిది. వక్రం మీద ఎక్స్ = 2 వద్ద ఒక బిందువు, ఎక్స్ = 2 + హెచ్ వద్ద మరొకటి తీసుకుని రెంటినీ కలిపితే, ఆ ఛేదనరేఖ వాలు 10 + 6హెచ్ + హెచ్² అవుతుంది. హెచ్ 0.1 అయితే వాలు 10.61, 0.01 అయితే 10.0601. హెచ్ సున్నాను సమీపించే కొద్దీ వాలు 10ని సమీపిస్తుంది.

ఇప్పుడు పాత నిర్వచనాన్ని పరీక్షిద్దాము. వక్రం, రేఖ కలిసే చోట్ల కోసం రెంటి వై విలువలను సమానం చేస్తే ఎక్స్³ − 12ఎక్స్ + 16 = 0, అంటే (ఎక్స్ − 2)²(ఎక్స్ + 4) = 0. కాబట్టి మన స్పర్శరేఖ (−4, −55) వద్ద అదే వక్రాన్ని మళ్ళీ ఖండిస్తోంది; అయినా అది (2, 5) వద్ద స్పర్శరేఖే. (ఎక్స్ − 2) వర్గంగా రావడమే అక్కడ తాకుతోందనడానికి గుర్తు. జవాబు సరిచూసుకోవడానికి నాకు తెలిసిన పద్ధతుల్లో ఇంతకన్నా నమ్మకమైనది లేదు.

అభిలంబరేఖ, అంటే తాకే బిందువు వద్ద స్పర్శరేఖకు లంబంగా ఉండే రేఖ, అడిగితే బిందువు అదే, వాలు మాత్రం −1ని స్పర్శరేఖ వాలుతో భాగిస్తే వచ్చే −1/10. వాలు సున్నా అయిన చోట స్పర్శరేఖ అడ్డంగా ఉంటుంది, అభిలంబరేఖ నిలువుగా ఉంటుంది గనుక ఈ భాగహారం అక్కడ పనికిరాదు.

ఇచ్చిన బిందువు వక్రం మీద ఉందో లేదో చూడకుండా లెక్క మొదలుపెట్టడం మరో పెద్ద పొరపాటు. వై = ఎక్స్²కు (1, −3) నుంచి స్పర్శరేఖలు గీయమంటే, 1 వర్గం −3 కాదు గనుక ఆ బిందువు వక్రం బయట ఉంది; అక్కడ వాలు కడితే అర్థం లేదు. స్పర్శబిందువును (టి, టి²) అనుకుంటే వాలు 2టి, రేఖ వై = 2టి·ఎక్స్ − టి². ఇది (1, −3) గుండా పోవాలి కనుక టి² − 2టి − 3 = 0, దాని నుంచి టి = 3 లేదా −1. కావలసిన రేఖలు రెండు: వై = 6ఎక్స్ − 9, వై = −2ఎక్స్ − 1. రెంటిలోనూ ఎక్స్ స్థానంలో 1 వేసి చూడండి, −3 వస్తుంది.