ఆరిపోయిన చిచ్చుబుడ్డిని నమ్మకండి

నా కుడిచేతి బొటనవేలి మీద ఒక మచ్చ ఉంది. పదకొండేళ్ల వయసులో, ఆరిపోయిందనుకున్న చిచ్చుబుడ్డిని చేతిలోకి తీసుకుని ఊదితే అంటిన మచ్చ. కన్ను పోలేదు, అదృష్టం. ఇప్పుడు మా ఇంట్లో దీపావళి కాల్పులకు పెత్తనం నాదే.

కొనడం దగ్గరే సగం పని అయిపోతుంది. లైసెన్సున్న దుకాణంలో, పెట్టె మీద హరిత టపాకాయల గుర్తు చూసి తీసుకోండి. 2018లో సుప్రీంకోర్టు వెయ్యివాలా లాంటి సరాలను వద్దంది. దీపావళి రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చమంది. మీ ఊళ్లో పోలీసులు ప్రకటించిన వేళ కూడా చూసుకోండి. ఆసుపత్రికి, బడికి, కోర్టుకు వంద మీటర్ల లోపు చప్పుడు చేసేవి కాల్చకూడదు. పండక్కి ఊరెళుతూ టపాకాయలు రైల్లో పట్టుకెళ్లకండి, మూడేళ్ల వరకు జైలు పడే నేరమది.

పట్టు పరికిణీ పూజ వరకే. కాల్చేటప్పుడు నూలు బట్టలు, కాళ్లకు చెప్పులు. చేతులకు రాసుకున్న శానిటైజర్ పూర్తిగా ఆరాకే అగ్గిపెట్టె ముట్టుకోవాలి. చిచ్చుబుడ్డిని చదునైన నేల మీద పెట్టి, పొడవాటి కాకరపువ్వొత్తితో, మొహం పక్కకు తిప్పి అంటించి వెనక్కి రండి. తారాజువ్వకు సీసాలో సగం ఇసుక పోయండి, లేకపోతే సీసా పడిపోయి జువ్వ ఎదురింటి బాల్కనీలో దూరుతుంది. వెలగనిదాన్ని మళ్లీ అంటించే ప్రయత్నమే వద్దు. కాసేపు ఆగి, దూరం నుంచే నీళ్లు కుమ్మరించండి.

అందరూ తేలిగ్గా తీసుకునేది కాకరపువ్వొత్తి. పువ్వులు రాలడం ఆగాక తీగ ఎర్రదనం పోయి బూడిద రంగుకు తిరుగుతుంది. చల్లారిందనుకుని పారేస్తాం, వెనక వచ్చే పిల్లవాడు దాన్ని తొక్కుతాడు. అందుకే మా వాకిట్లో ఎప్పుడూ ఒక నీళ్ల బకెట్ ఉంటుంది. అయిపోయిన ప్రతి తీగా చుయ్‌మంటూ అందులోకే.

కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. సిరా, టూత్‌పేస్టు పూయకండి. కంట్లో దెబ్బ తగిలితే నలపకుండా నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకొకటి, మర్నాటి ఉదయం సంగతి. పేలని టపాకాయలు ఏరి, మందు కాగితంలో పోసి వెలిగించడం మా చిన్నప్పటి సరదా. ఇప్పుడు రాత్రే వాకిలి ఊడ్చి, ఆ చెత్తంతా బకెట్లో ముంచేస్తాను. తెల్లారాక పిల్లలు వచ్చి ఖాళీ వాకిలి చూసి, నా వంక కొరకొరా చూస్తారు.