బొమ్మలో ఒంటరితనం రావాలంటే ముందు పడవలు తీసెయ్యాలి

నేను గీసిన మొదటి 'ఒంటరి' బొమ్మలో ఒక మనిషి, ఒక చెట్టు, ఒక పడవ, రెండు కొండలు, కొండల మధ్య సూర్యుడు, ఆ పైన అయిదు పక్షులు ఉన్నాయి. మా ఆవిడ చూసి, "ఇన్ని ఉండగా ఈయనకేం తక్కువైందని అలా నిలబడ్డాడు?" అంది. అప్పుడు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే ఆవిడ అన్నదే నిజం.

నేను ముప్పై ఏళ్ళు కట్టడాల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. మా పనిలో ఏదైనా గీయడం మర్చిపోతే సైట్‌లో అది కట్టరు. అందుకని దేన్నీ వదలకపోవడం చేతికి అలవాటైపోయింది. రిటైరయ్యాక బొమ్మలు మొదలుపెట్టినప్పుడు ఈ అలవాటే నా కొంప ముంచింది. ఇప్పుడు చెప్పబోయేదంతా దాన్ని వదిలించుకోవడానికి నేను పడ్డ పాట్లు. నాకు దారి చూపించినవాడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ అనే జర్మన్ చిత్రకారుడు. 1774లో బాల్టిక్ సముద్రతీరాన గ్రైఫ్స్‌వాల్డ్‌లో పుట్టి, 1840లో డ్రెస్డెన్‌లో పోయాడు. ఆయన్ని రొమాంటిక్ చిత్రకారుడంటారు. రొమాంటిక్ అంటే ఇక్కడ ప్రేమ వ్యవహారం కాదు. కొండనీ సముద్రాన్నీ చూస్తే మనిషి లోపల ఏం కదులుతుందో, దాన్ని బొమ్మలోకి తేవాలని పట్టుబట్టిన కాలం అది.

మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు బెర్లిన్‌లో ఆల్టె నాత్సియోనాల్‌గాలెరీ అనే చిత్రశాలకి తీసుకెళ్ళింది. అక్కడ ఫ్రీడ్రిష్ బొమ్మ 'సముద్రం ఒడ్డున సన్యాసి' ఉంది. అడ్డం 171 సెంటీమీటర్లు దాటుతుంది, నిలువు 110. నాలుగింట మూడొంతులకు పైగా ఆకాశమే. కింద నల్లగా ఒక పట్టీలా సముద్రం, దాని కింద పాలిపోయిన ఇసుక, ఆ ఇసుక మీద వేలెడంత మనిషి. అంతే. 1809లో, బొమ్మ ఇంకా పూర్తికాకముందే, ఫ్రీడ్రిష్ స్నేహితుడైన చిత్రకారుడు క్యూగెల్గెన్ భార్య మారీ దీన్ని చూసి ఒక ఉత్తరంలో వాపోయింది. పడవ లేదు, ఓడ లేదు, కనీసం సముద్రపు భూతమైనా లేదు అని. ఆవిడ మా ఆవిడకి సరిగ్గా వ్యతిరేకం. 1810లో దీన్ని బెర్లిన్‌లో ప్రదర్శించినప్పుడు రచయిత క్లైస్ట్, కనురెప్పలు కోసేసినట్టుంది అని రాశాడు. ఆ ఖాళీ నుంచి కళ్ళు తిప్పుకోవడానికి లేదన్నమాట. అక్కడి రాజుగారు మాత్రం కొనేశారు.

నాకు పనికొచ్చిన సంగతి వేరే. ఈ బొమ్మని ఇన్‌ఫ్రారెడ్‌, అంటే కంటికి కనిపించని కాంతితో చూస్తే రంగు అడుగున ఓడలు కనిపించాయి. అంటే ఆయన కూడా ముందు ఓడలు గీశాడు! తర్వాత వాటి మీద రంగు పూసి చెరిపేశాడు. అది చదివిన రోజు నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. మొదటే ఖాళీగా గీయడం కాదు, గీసి తీసెయ్యడం. అదైతే నేర్చుకోవచ్చు.

సరే, పనిలోకి వద్దాం.

ముందు బయటికి వెళ్ళండి, రంగులు ఇంట్లోనే వదిలేసి. ఫ్రీడ్రిష్ బయట పెన్సిల్‌తో గీసుకునేవాడు, తైలవర్ణాల పనంతా ఇంట్లోనే. చిన్న నోట్‌బుక్, ఒక హెచ్‌బీ, ఒక టూబీ పెన్సిల్ చాలు. మొత్తం దృశ్యం జోలికి పోవద్దు. ఒక్క రాయి, లేదా ఒక్క మోడు. దాన్నే అరగంట చూసి గీయండి. పక్కన తేదీ వెయ్యండి. మీ కంటి ఎత్తు ఎక్కడ పడుతుందో ఒక అడ్డగీతతో గుర్తు పెట్టుకోండి. ఆ గీత లేకపోతే తర్వాత ఆ రాయిని ఏ బొమ్మలో పెట్టినా తేలిపోతుంది. ఆ నోట్‌బుక్ పారెయ్యకండి. 1813లో ఫ్రీడ్రిష్ యుద్ధం వల్ల డ్రెస్డెన్ వదిలి ఎల్బె నది ఒడ్డున క్రిప్పెన్ అనే ఊళ్ళో తలదాచుకున్నప్పుడు గీసుకున్న రాయి, నాలుగైదేళ్ళ తర్వాత 'పొగమంచు సముద్రం మీద బాటసారి' అనే బొమ్మలో మనిషి కాళ్ళ కిందికి వచ్చింది. ఆ బొమ్మలో కొండలన్నీ వేర్వేరు చోట్ల గీసుకున్నవి. ఆ దృశ్యం ప్రపంచంలో ఎక్కడా లేదు.

వెళ్ళేటప్పుడు ఒక్కరే వెళ్ళండి. ఇది నా మాట కాదు. రష్యన్ కవి జుకోవ్‌స్కీ తనతో కలిసి ప్రయాణానికి రమ్మని పిలిస్తే ఫ్రీడ్రిష్ రానన్నాడు. పక్కన మనిషుంటే మీకు నచ్చిన ఆ ఫ్రీడ్రిష్ నాలో ఉండడు అన్నట్టు జవాబిచ్చాడు. నేను ఒకసారి ఫ్రెండ్‌ని తోడు తీసుకెళ్ళాను. రెండు గంటల్లో గీసింది ఒక కొమ్మ. మాట్లాడుకున్నది మాత్రం బోలెడు, అందులో ముప్పాతిక మోకాళ్ళ నొప్పుల గురించే.

ఇంటికొచ్చాక టేబుల్ మీద ఉన్నవన్నీ తీసెయ్యండి. స్నేహితుడు కెర్‌స్టింగ్ 1811లో ఫ్రీడ్రిష్ గదిని గీశాడు. గదిలో ఈజిల్, కుర్చీ, కిటికీ, గోడకి వేలాడేసిన ప్యాలెట్లు, వాటి పక్కన టీ స్క్వేర్, అంటే మా ఆఫీసుల్లో తిన్నటి అడ్డగీతలు గీసే T ఆకారపు స్కేలు! అది చూసి గ్యాలరీ కేటలాగ్ ముందు నేను చిన్నపిల్లాడిలా నవ్వుకున్నాను. పొగమంచు గీసేవాడికి టీ స్క్వేర్ ఎందుకు అనుకుంటారేమో. ఆ ఆకాశం అంత నిశ్చలంగా ఉండటానికి కింద క్షితిజరేఖ, అంటే ఆకాశం అంచు గీత, పిసరంత కూడా వంగకపోవడమే కారణం. చేత్తో గీస్తే చెయ్యి వణుకు తెలుస్తుంది. కాబట్టి మొదటి గీత స్కేలుతోనే, సన్నగా. కాగితం సగానికి కాకుండా బాగా కిందికి గీయండి. సగానికి గీస్తే ఆకాశం, నేల రెండూ సమఉజ్జీలైపోయి, మనిషి వాటి మధ్య పంచాయితీ పెద్దలా కనిపిస్తాడు.

ఇప్పుడు అసలు పని. మా ఆఫీసు విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. నాలుగైదు ట్రేసింగ్ పేపర్లు తీసుకోండి. ఒక్కో దాని మీద ఒక్కోటి గీయండి. ఒకదాని మీద చెట్టు, ఒకదాని మీద దారి, ఒకదాని మీద పడవ, ఒకదాని మీద దూరపు కొండ. అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి. ఇప్పుడొక్కోటి తీస్తూ రండి. తీసిన ప్రతిసారీ కాగితం కాస్త దూరం పెట్టి చూడండి. ఏది తీసినప్పుడు మనిషి ఉన్నట్టుండి చిన్నవాడైపోయాడో, అక్కడ ఆగండి. నా విషయంలో అది దారి. చెట్టు కాదు, పడవ కూడా కాదు.

దీనికి కారణం ఉంది. అంతకు ముందు కాలపు ప్రకృతి దృశ్యాల్లో, పదిహేడో శతాబ్దపు చిత్రకారుడు క్లోద్ లొరేన్ లాంటివాళ్ళ బొమ్మల్లో, రెండు పక్కలా చెట్లు తెరల్లా ఉంటాయి. మధ్యలో ఒక నదో, దారో వంకర్లు తిరుగుతూ లోపలికి వెళ్తుంది. మన కన్ను దాని మీద షికారుకెళ్తుంది. ఫ్రీడ్రిష్ ఆ దారి కోసేశాడు. బాటసారి బొమ్మలో కాళ్ళ కింద రాయి ఉంది, ఆ వెంటనే పొగమంచు, ఆ వెనక ఎక్కడో కొండలు. మధ్యలో నడవడానికి నేల లేదు. చూసేవాడు కూడా ఆ రాయి మీదే ఆగిపోతాడు. దగ్గరా దూరమూ ఉంచి మధ్యభాగం తీసెయ్యండి. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే సగం బొమ్మ వచ్చినట్టే.

మనిషిని వెనక నుంచే గీయండి. ముఖం కనిపిస్తే జనం ముఖం చూస్తారు, అతను చూస్తున్నది చూడరు. నేనొకసారి ముచ్చటపడి పక్కకి తిరిగిన ముఖం గీసి, భుజానికి సంచి కూడా తగిలించాను. మా అమ్మాయి ఫోన్‌లో ఫొటో చూసి, "నాన్నా, బస్సు రాలేదా ఈయనకి?" అని మెసేజ్ పెట్టింది. సంచి పోయింది, ముఖం పోయింది. చేతులకి పని పెట్టకండి. ముదురు రంగు కోటు, ఒకే ముద్దలా, మడతలు ఒకటో రెండో. బాటసారి బొమ్మ ప్రింటు మీద స్కేలు పెట్టి చూడండి. రెండు పక్కల కొండవాలులూ అతని ఛాతీ వైపే దిగుతాయి. ఒక్కడే ఉండాలని రూలేం లేదు. చంద్రుణ్ణి చూస్తున్న ఇద్దరు మనుషుల బొమ్మ కూడా వేశాడాయన. ఇద్దరూ ఒకే చోట నిలబడి ఎవరి ఒంటరితనం వాళ్ళు చూసుకుంటున్నట్టుంటారు. పెళ్ళయి ఏళ్ళు గడిచినవాళ్ళకి అది కొత్తేం కాదు.

రంగులకి తొందరపడొద్దు. 1805లో వైమార్ అనే ఊళ్ళో జరిగిన బొమ్మల పోటీలో ఆయనకి బహుమతి తెచ్చినవి సెపియా బొమ్మలే, అంటే ఒక్క గోధుమ రంగుతో వేసినవి. తైలవర్ణాలు గట్టిగా పట్టుకున్నది ఆ తర్వాతే. మీరూ నీటిరంగుల్లో ఒక్క సెపియా ట్యూబుతో మొదలుపెట్టండి. మందం కాగితం, 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాములు) అయితే మంచిది, బోర్డుకి టేపుతో అంటించండి. బోర్డు పై అంచు కింద ఒక పుస్తకం పెడితే కొద్దిగా వాలు వస్తుంది.

పొగమంచు ఇలా వస్తుంది. అన్నిటికంటే దూరపు కొండతో మొదలుపెట్టాలి. రంగు ఎంత పలచగా ఉండాలంటే, వేశాక వేశామా లేదా అని అనుమానం రావాలి. కొండ పై అంచుని బ్రష్ కొసతో పదునుగా గీయండి. ఆ తడి ఆరకముందే ఇంకో బ్రష్, శుభ్రమైన నీళ్ళలో ముంచి టిష్యూ మీద ఒకసారి ఒత్తినది, కొండ కింది అంచుకి ఆనించి అడ్డంగా ఒక్కసారి లాగండి. రంగు కిందికి జారి, పలచబడి, ఎక్కడ అయిపోయిందో తెలియకుండా మాయమవుతుంది. అదే మంచు. రెండోసారి లాగకండి. లాగితే మచ్చ పడుతుంది. బ్రష్‌లో నీళ్ళెక్కువైతే కాలీఫ్లవర్ లాంటి మరక కడుతుంది, దాన్ని దిద్దబోతే ఇంకా పెద్దదవుతుంది, వదిలెయ్యండి. పూర్తిగా ఆరనివ్వండి. వేలి వెనకవైపుతో తాకితే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదని. ఆరాక దాని ముందున్న కొండ, కాస్త ముదురుగా. ఇలా మూడు నాలుగు పొరలు. చివరికి కాళ్ళ కింద రాయి, మనిషి. వాటికి ట్యూబులో ఉన్నంత ముదురు రంగు.

ఆకాశం ఖాళీగా ఉంటే టెన్షన్ వస్తుంది. నాకిప్పటికీ వస్తుంది. పక్షులు వెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. ఆ దురద తీరాలంటే మేఘాలు విడిగా, వేరే కాగితాల మీద సాధన చెయ్యండి. ఇంగ్లాండులో చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821, 22ల్లో హాంప్‌స్టెడ్‌లో కూర్చుని వరసగా మేఘాలే గీశాడు. వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో రాసుకునేవాడు. ఆయన బొమ్మల్లో బళ్ళు, కుక్కలు, మనుషులు అన్నీ ఉంటాయి, అది వేరే లోకం. కానీ మేఘం నేర్చుకోవాలంటే ఆయన పద్ధతే.

ఇక సంతకం. ఫ్రీడ్రిష్ తన బొమ్మల మీద దాదాపుగా సంతకం పెట్టలేదు. ఆ ఖాళీ ఆకాశం కింద మూలన మన పేరు కనిపిస్తే అక్కడ ఇంకో మనిషి నిలబడ్డట్టే. మా డ్రాయింగుల్లో అయితే కుడివైపు కింద టైటిల్ బ్లాక్ ఉండాల్సిందే. గీసిందెవరు, చెక్ చేసిందెవరు, షీట్ నంబరు. ఇప్పుడు నేను కూడా ముందువైపు ఏమీ రాయను. కాగితం తిప్పి, వెనక పెన్సిల్‌తో తేదీ, వేళ వేస్తాను. ఒకసారి అలవాటుగా 'స్కేలు' అని రాసి, పక్కన ఏం వెయ్యాలో తోచక ఆగిపోయాను. అది అలాగే ఉంది.