చిత్త, స్వాతి కార్తెల వానలకి ముందే క్రీపింగ్ థైమ్‌కి చేయాల్సిన పనులు

నెల్లూరులో క్రీపింగ్ థైమ్ (నేల మీద చాపలా పరుచుకునే సువాసన మొక్క) పెంచుతున్నామని చెబితే అందరూ ముందు అడిగేది, "రోహిణి కార్తె ఎండలకి నిలుస్తుందా?" అనే. నిలబెట్టుకోవచ్చు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పైన యాభై శాతం షేడ్ నెట్ కట్టి, పొద్దున్నే నీళ్లు పెడితే చాలావరకు గట్టెక్కుతుంది. దాన్ని నిజంగా పొట్టన పెట్టుకునేది మన వాన. మన జిల్లాలో ఏడాదికి పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. థైమ్ ఏమో యూరప్‌లో రాళ్లూ ఇసుకా ఉన్న పొడినేలల్లో పుట్టిన మొక్క. రెండు మూడు అంగుళాల ఎత్తులో నేలకి అంటుకుని పాకుతుంది. కాడ మట్టికి తగిలిన చోటల్లా వేరు పోసుకుంటుంది. ఆ వేళ్లకి గాలి ఆడాలి. వరసగా రెండు మూడు రోజులు నీళ్లలో నానితే కుళ్లిపోతాయి.

2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్న రోజులు గుర్తుండే ఉంటాయి. మా ఇంట్లోకి నీళ్లు రాలేదు కానీ, పెరట్లో మడి ముసురుకి నానుతూనే ఉంది. వాన తెరిపిచ్చాక చూస్తే థైమ్ పచ్చగానే కనబడింది. హమ్మయ్య అనుకున్నాను. పది రోజులకి ఆకులు వాడిపోయాయి. ఎండకి వాడిందేమో అని నీళ్లు పోశాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. కాడ మొదలు అప్పటికే నల్లబడి ఉంది, వేలితో లాగితే వేరు లేకుండా చేతికొచ్చింది. వానల తర్వాత థైమ్ వాడితే నీళ్ల చెంబు పట్టుకోకండి. ముందు కాడ మొదలు చూడండి, వేలు మట్టిలోకి దించి తడి చూడండి.

అందుకే పనంతా సెప్టెంబరు ఆఖరులోగా అయిపోవాలి. హస్త కార్తె మొదలయ్యాక మట్టి తవ్వితే బురదే మిగులుతుంది.

మొదట నేలని పరీక్షించండి. మడి పక్కన అడుగు లోతు గుంట తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి సాయంత్రం పోసిన నీళ్లు తెల్లారేసరికి ఇంకా కనబడుతుంటే ఆ నేలలో థైమ్‌ని ఉంచకూడదు. ఒంగోలు వైపు నల్లరేగడిలో ఇది తరచూ కనబడుతుంది. సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో నీరు ఇంకిపోతుంది కాబట్టి ఈ టెన్షన్ తక్కువ.

నీరు నిలిచే చోట మడిని అరడుగు నుంచి ముప్పావు అడుగు ఎత్తు లేపాలి. మట్టిలో ముతక ఏటి ఇసుక, చిన్న కంకర చిప్స్ బాగా కలపండి. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, అందులోని ఉప్పు వేరుని కాల్చేస్తుంది. రేగడి మట్టిలో గుప్పెడు ఇసుక చల్లి ఊరుకుంటే లాభం లేదు. మట్టి ఎంతో ఇసుక, చిప్స్ కలిపి దాదాపు అంత ఉండాలి. పశువుల ఎరువు కూడా ఇప్పుడు వేయకండి. బలిసిన లేత కొమ్మ ముసురుకి ఇట్టే కుళ్లుతుంది. మడి చుట్టూ జానెడు లోతు కాలువ తీసి వీధి వైపు వాలు ఇవ్వండి. చూరు నీళ్లు, మేడ మీది పైపు నీళ్లు మడిలో పడకుండా పక్కకి మళ్లించండి. చాలా ఇళ్లలో మొక్కలు పోయేది ఆ పైపు కింద ఉండడం వల్లే.

తర్వాత కత్తిరింపు. పచ్చ కొమ్మల్ని మూడో వంతు దాకా కత్తిరిస్తే లోపలికి గాలి ఆడుతుంది. ఆకుల్లేని గట్టి కాడ దాకా కోయకండి, అక్కడినుంచి మళ్లీ చిగురు రావడం కష్టం. కొమ్మల కింద గడ్డి, ఎండాకు పరవకుండా సన్న కంకర పరవండి. కోసిన కొసల్లో రెండు మూడు అంగుళాల ముక్కలు ఏరి, కింది ఆకులు తీసి, ఇసుక ఎక్కువ కలిపిన చిన్న కుండీల్లో గుచ్చి, వెలుతురుండే వరండాలో పెట్టుకోండి. మడి మొత్తం పోయినా మళ్లీ నాటుకోవడానికి ఈ ముక్కలు మిగులుతాయి. ఈ ఒక్క పని మాత్రం మానకండి అని అందరికీ చెబుతుంటాను.

వాయుగుండం వార్త రాగానే మడి మీద పట్టా కప్పేయాలనిపిస్తుంది. నేలకి ఆనించి కప్పితే లోపల ఆవిరి పట్టి ఇంకా తొందరగా కుళ్లుతుంది. నాలుగు కర్రలు పాతి రెండడుగుల ఎత్తున తెల్ల షీటు వాలుగా కట్టండి, పక్కలు తెరిచే ఉంచండి. గాలి బాగా ఎక్కువైతే షీటు విప్పేయండి, అది ఎగిరి ఎవరికైనా తగిలితే ప్రమాదం. తీరం దగ్గర ఇళ్లలో తుఫాను గాలికి ఉప్పునీటి తుంపర ఆకుల మీద పడుతుంది. గాలి తగ్గాక పట్టి ఉంచిన వాన నీళ్లతో ఒకసారి కడగండి. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే ప్రయోజనం లేదు.

వాన ఆగాక తడి మడి మీద నడవకండి, మట్టి గట్టిపడుతుంది. రాలిన వేపాకు, మామిడాకు ఏరేయండి. నల్లబడిన భాగాన్ని మట్టితో సహా తీసి దూరంగా పారేయండి. వేరుకుళ్లుకి మందులున్నాయి కానీ, నీళ్లు నిలుస్తుంటే ఏ మందూ నిలబడదు.

ఇంకొక్కటి, ఇది మొక్క గురించి కాదు. కాలువలు తీసేటప్పుడు, రాళ్లు జరిపేటప్పుడు వట్టి చేతులు పెట్టకండి. వానలకి రక్తపింజర, నాగుపాము పొడిచోటు వెతుక్కుంటూ పెరళ్లలోకి వస్తాయి. బూట్లు వేసుకుని ముందు కర్రతో కదిలించి చూడండి. కాటు పడితే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇప్పుడు నాటకండి. వానలు వెనకబట్టాక, డిసెంబరు చివరి నుంచి సంక్రాంతి లోపు విత్తనం చల్లండి. విత్తనం నలుసంత ఉంటుంది, మొలవడానికి వెలుతురు కావాలి. కాబట్టి మట్టి కప్పకుండా పైన మెల్లగా అదిమి, స్ప్రే డబ్బాతో తడపండి. మొలకకి రెండు మూడు వారాలు పడుతుంది.