మాల్దీవుల ప్రయాణానికి ముందు ఆన్‌లైన్ ఫారం: బెంగళూరు తెలుగు కుటుంబాల కోసం

బెంగళూరు నుంచి నేరుగా విమానమెక్కితే మాల్దీవుల రాజధాని మాలేకి సుమారు రెండు గంటలే. టూరిస్టులు వీసా కోసం ముందుగా ఎక్కడా తిరగక్కర్లేదు, అక్కడ దిగాక ఉచితంగానే లోపలికి అనుమతిస్తారు. ఆ మాట విని చాలామంది టికెట్, హోటల్ బుక్ చేసుకుంటే చాలనుకుంటారు. కానీ ట్రావెలర్ డిక్లరేషన్ అని ఒక ఫారం ఉంది, అది తప్పనిసరి. దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే దాని క్యూఆర్ కోడ్ అడగొచ్చు.

ఈ ఫారం మాల్దీవుల ఇమ్మిగ్రేషన్ వారి ఇముగా పోర్టల్‌లో ఉంటుంది. అడ్రస్ ఇముగా డాట్ ఇమ్మిగ్రేషన్ డాట్ జీఓవీ డాట్ ఎంవీ (imuga.immigration.gov.mv). చివరి రెండు ముక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాకే పాస్‌పోర్టు వివరాలు ఇవ్వండి. దీనికి ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. మా తమ్ముడు హడావిడిలో సెర్చ్‌లో మొదట కనిపించిన లింక్ నొక్కి, నలుగురికీ ఫీజు కట్టేశాడు. అచ్చం ప్రభుత్వ సైట్‌లాగే ఉంది మరి. డబ్బు పోతే పోయింది, ఇంటిల్లిపాది పాస్‌పోర్టు నంబర్లు ఎవరి చేతిలో పడ్డాయో అన్న టెన్షన్ ఇప్పటికీ వదల్లేదు. కార్డు నంబర్ అడిగిందంటే ఆ పేజీ మూసేయండి.

ఎప్పుడు నింపాలి? ప్రయాణానికి ముందు 96 గంటల లోపు, అంటే నాలుగు రోజులు. శుక్రవారం ఉదయం పదింటి ప్రయాణమైతే సోమవారం ఉదయం పది దాటాక మొదలుపెట్టొచ్చు. మాల్దీవుల గడియారం మనకంటే అరగంట వెనక, లెక్క వేసేటప్పుడు అది గుర్తుంచుకోండి. చంటిపిల్లలతో సహా ప్రతి ఒక్కరి వివరాలూ ఇవ్వాలి.

కూర్చునే ముందు పాస్‌పోర్టు, రానుపోను టికెట్లు, హోటల్ బుకింగ్, ముఖం స్పష్టంగా కనిపించే ఫొటో దగ్గర పెట్టుకోండి. మనవాళ్లు తడబడేది పేరు దగ్గరే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, టికెట్ మీద ముందుది వెనక్కి పోతుంది. మా అమ్మ పాస్‌పోర్టులోనైతే సర్‌నేమ్ గడే ఖాళీ. ఇంట్లో పిలిచే పేరు, బ్యాంకులో పేరు పక్కన పెట్టి, పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా అదే రాయండి. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబర్ ఇంకొకరి చేత పైకి చదివించుకుని సరిచూడండి. సబ్మిట్ చేశాక ఈమెయిల్‌కి క్యూఆర్ కోడ్ వస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి, పెద్దవాళ్లకు ప్రింట్ తీసి పాస్‌పోర్టులో పెట్టివ్వండి.

మాలేలో దిగాక టికెట్లు, బస వివరాలు, ఖర్చులకు డబ్బు ఉన్నట్టు ఆధారం అడగొచ్చు. రిసార్టుకు సీప్లేన్‌లో వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోవాలి: అవి పగటి వెలుతురులోనే ఎగురుతాయి. సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలేలోనో, ఎయిర్‌పోర్టు పక్కనున్న హుల్హుమాలే దీవిలోనో గది తీసుకోక తప్పదు. టూరిస్టుల దగ్గర వసూలు చేసే గ్రీన్ టాక్స్ అనే పన్ను 2025 జనవరి నుంచి రిసార్టుల్లో మనిషికి రోజుకు 12 డాలర్లు, స్థానిక దీవుల్లోని చిన్న గెస్ట్‌హౌస్‌లలో 6 డాలర్లు. బిల్లులో అది కలిసి ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి.

ఇక సామాన్లు. మద్యం, పంది మాంసం తీసుకెళ్లకూడదు, ఎయిర్‌పోర్టు డ్యూటీ ఫ్రీలో కొన్న సీసా అయినా సరే. ఈ-సిగరెట్లు కూడా నిషేధమే. మన ఇళ్లలో తట్టని సంగతి ఇంకొకటుంది: పూజా విగ్రహాలను కూడా దేశంలోకి రానివ్వరు. మా అమ్మ హ్యాండ్‌బ్యాగులో పసుపు గుడ్డలో చుట్టిన బొటనవేలంత ఇత్తడి వెంకన్న ఎప్పుడూ ఉంటాడు. ముందురోజు రాత్రి బ్యాగు సర్దుతూ చూసి, నచ్చజెప్పి, స్వామిని ఇంట్లో దీపం దగ్గరే ఉంచి వెళ్లాం. ఎంతో నమ్మకంతో పెట్టుకున్నదాన్ని కస్టమ్స్ బల్ల మీద పెట్టాల్సి వస్తే పెద్దవాళ్ల మనసు ఎంత నొచ్చుకుంటుందో! అందుకే ఇంట్లో ఉండగానే అడిగి చూడండి. వచ్చేటప్పుడు పిల్లలు ఒడ్డున ఏరిన పగడపు ముక్కలు బ్యాగులో వేయకుండా చూడండి, పగడాలు దేశం దాటించడం నేరం.

తిరుగు ప్రయాణానికీ అదే పోర్టల్‌లో మరోసారి ఫారం నింపాలి. దీవిలో నెట్ అందకపోవచ్చు కాబట్టి చివరి రోజు దాకా ఆగకుండా, 96 గంటల గడువులోకి రాగానే హోటల్ వైఫైలోనే పూర్తి చేసుకోండి.