జిగురు ఆల్బమ్ నుంచి పాత ఫోటోలను చిరగకుండా తీయడం ఎలా?

కావలసినవి తక్కువే: మందుల దుకాణంలో దొరికే మైనం పూత లేని డెంటల్ ఫ్లాస్, మెత్తని పెన్సిల్, పొడి చేతులు. పని మొదలుపెట్టే ముందు ప్రతి పేజీని ఉన్నదున్నట్టుగా ఫోన్‌తో ఒక ఫోటో తీసి ఉంచుకుంటే, ఏ ఫోటో పక్కన ఏది ఉండేదో తర్వాత వెతుక్కోనక్కరలేదు. అంతమాత్రాన అసలును పారేయవచ్చని అనుకోకూడదు. మా మేనల్లుడు అలాగే అనుకున్నాడు. వాట్సాప్‌లో కుదించుకుపోయి వచ్చిన నకలును పెద్దదిగా అచ్చు వేయించబోతే మొహాలన్నీ మసకబారాయి.

ప్లాస్టిక్ పొరను నెమ్మదిగా పైకెత్తాలి. అది ఫోటో ముఖానికే అతుక్కుని ఉంటే అక్కడితో ఆగి, ఆ పేజీని అలాగే స్కాన్ చేయించాలి.

చాలామంది ఫోటోలను పాడుచేసేది ఆ తర్వాతనే. మూల దొరికింది కదా అని గోటితో పట్టి లాగితే, కాగితం రెండుగా చీలి, వెనుక పొర అట్టకే ఉండిపోతుంది. ఫ్లాస్‌ను రెండు చేతులా బిగించి పట్టి, ఫోటోకు కాక అట్టకే ఆనించి, రంపంతో కోసినట్టు అటూ ఇటూ జరుపుతూ, మూల నుంచి అంగుళం అంగుళంగా ముందుకు పోవాలి. వంచక తప్పకపోతే అట్టను వంచాలి గానీ ఫోటోను కాదు, ఎందుకంటే బొమ్మను మోసే జెలటిన్ పొర వంపు దగ్గర పగులుతుంది. దారం మొరాయిస్తే బలం చూపకుండా ఎదుటి మూల నుంచి రావాలి. అప్పటికీ రాకపోతే ఫోటో చుట్టూ అట్టను కత్తిరించి, అట్టతో సహా దాచుకోవాలి. తడిగుడ్డ అద్దమనీ, హెయిర్ డ్రయర్ పెట్టమనీ చెప్పేవారి మాట నేను వినను: తడికి జెలటిన్ ఉబ్బుతుంది, వేడికి ఫోటో చుట్టుకుపోతుంది. ఇదే కారణంగా, వరంగల్‌లో ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు.

మేడారంలో తక్కెడలో కూర్చుని, ఎదుటి పళ్లెంలోని బెల్లం దిమ్మలను చూసి నవ్వుతున్న మా నాయనమ్మ ఫోటోను తీయడానికి నాకు గంటకు పైగా పట్టింది. తల్లులకు నిలువెత్తు బంగారం ఇచ్చిన రోజున తీసిన ఫోటో అది, ఇంట్లో ఇంకొకటి లేదు.

తీసిన ఫోటోలను పీవీసీ కాకుండా పాలీప్రొపిలీన్ జేబులున్న ఆల్బమ్‌లో పెట్టి, చెమ్మ పట్టే గోడకు ఆనని బీరువాలో ఉంచాలి. వెనుక పేరు, ఊరు, సంవత్సరం పెన్సిల్‌తోనే రాయాలి; బాల్ పెన్నుతో రాస్తే అక్షరాల ఒత్తు ముందువైపున మొహం మీద తేలుతుంది.