మృగశిరకు ముందే బండి చప్పుళ్లు తేల్చుకోండి

సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా పొట్టంగి, సెమిలిగూడ, కొరాపుట్ వైపు ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు తిప్పేవారు, కొత్తగా వినిపిస్తున్న చప్పుడు ఏదైనా ఉంటే దాని సంగతి మృగశిర కార్తెలోపే తేల్చుకోవడం మంచిది. వానలు పట్టాక గెడ్డ (వాగు) ఒడ్డున బురదలో బండి కింద దూరి వెతకడం కష్టమే కాదు, ప్రమాదం కూడా.

ఒక్క నట్టు విప్పకముందే, చప్పుడు ఎప్పుడు వస్తోందో, దేనితో మారుతోందో రాసిపెట్టుకోవాలి. ఖాళీగా ఉన్న సమతలపు రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంలో కాసేపు న్యూట్రల్‌కు మార్చినా హోరు అలాగే ఉంటే, చక్రాల బేరింగులనో టైర్లనో ముందుగా అనుమానించాలి. ఆగిపోతే ఇంజన్ వైపో, బరువు పడితేనే అరిచే పళ్లచక్రాల వైపో చూడాలి. ఈ పరీక్ష ఘాట్‌లో దిగేటప్పుడు మాత్రం ఎన్నడూ చేయరాదు. ఎడమ మలుపులో హోరు పెరిగితే సాధారణంగా కుడి చక్రం బేరింగుదే లోపం, ఎందుకంటే బరువు అటు వాలుతుంది.

గేరు వేసి క్లచ్ వదిలిన క్షణంలో కింద నుంచి ఒక్కసారి 'ఠంగ్' మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని ఇరుసుకు చేర్చే పొడవాటి కడ్డీ) క్రాస్‌లను, అంటే దాని చివర్ల కీళ్లను చూడాలి. నేను ఒకసారి ఇది గ్రహించక గేర్‌బాక్సు దింపించి డబ్బు తగలేశాను. తీరా చూస్తే క్రాస్ కప్పు అంచు చుట్టూ ఇటుకపొడిలాంటి తుప్పు పట్టి ఉంది, గ్రీజు జాడే లేదు. షాఫ్ట్ విప్పే ముందు రెండు ఫ్లాంజ్‌ల (బోల్టులతో కలిపే బిళ్లల) మీదా సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే తిరిగి బిగించాక కొత్త వణుకు మొదలవుతుంది.

మధ్య డిఫరెన్షియల్ (ముందు, వెనుక ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్లచక్రాల అమరిక) లేని బండ్లలో ఫోర్ వీల్ వేసి పొడి తారు రోడ్డు మీద మలుపు తిప్పితే టైర్లు కీచుమంటాయి, బండి పట్టేసినట్టు కుదుపుతుంది. మలుపులో ముందు చక్రాలు వెనుకవాటికన్నా ఎక్కువ దూరం తిరగడమే దానికి కారణం కాబట్టి అది లోపం కాదు, లివర్‌ను టూ వీల్‌కు మార్చడమే మందు.

బండి కిందకు వెళ్లేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టి, నేల మీద ఉన్న చక్రాలకు దిమ్మలు వేయాలి. టూ వీల్, ఫోర్ వీల్ మార్చే ట్రాన్స్‌ఫర్ లివర్ న్యూట్రల్‌లో ఉంటే, గేరులో ఉంచినా బండి దొర్లిపోతుందన్న సంగతి చాలామంది డ్రైవర్లకే తెలియదు.

గెడ్డ దాటిన బండి ఇరుసులోని డిఫరెన్షియల్‌లో కొత్తగా మూలుగు మొదలైతే నూనె చూడాలి. వేడెక్కిన హౌసింగు (దాని పైతొడుగు) చల్లటి నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి కుంచించుకుని, సీళ్ల గుండా నీటిని పీల్చుకుంటుంది, గాలి ఆడే బ్రీదర్ రంధ్రం మూసుకుపోయి ఉంటే మరీ ఎక్కువగా. నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటే వెంటనే మార్చాలి, అయితే ముందు నింపే పైబోల్టు ఊడుతుందని చూసుకున్నాకే కింది బోల్టు విప్పాలి. పైది తుప్పు పట్టి కదలకపోతే, ఉన్న నూనె పోయి బండి అక్కడే నిలిచిపోతుంది.